చిన్న కుక్కే కదా, పని తక్కువ అనుకుంటున్నారా? నూజివీడు ఎండల్లో ఏ జాతి సుఖంగా ఉంటుందో తెలుసుకోండి..

పిల్లలు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉంటారు. ఇంట్లో మిగిలేది పెద్దవాళ్లు ఇద్దరే. ఇంటి వెనక మామిడి తోట, ముందు పెద్ద వాకిలి. సాయంత్రమైతే పలకరించే మనిషి ఉండడు. నూజివీడు చుట్టుపక్కల ఇలాంటి ఇళ్లు ఎన్నో. వీళ్లకు ఫోన్‌లో వచ్చే సలహా ఒకటే.. "ఒక చిన్న కుక్కపిల్లను తెచ్చుకోండి నాన్నా, పెద్దగా పనేం ఉండదు, మీకూ తోడుగా ఉంటుంది" అని.

తోడు సంగతి నిజమే. పని ఉండదన్న మాట దగ్గరే చాలామంది బోల్తా పడుతున్నారు. కుక్క ఎంత చిన్నదైతే చాకిరీ అంత తక్కువ అన్న లెక్క ఎక్కడా లేదు. 5 కిలోల కుక్క రోజుకు గంట పని పెట్టొచ్చు.. 15 కిలోల కుక్క పది నిమిషాలతో సరిపెట్టుకోవచ్చు. చూడాల్సింది బరువు కాదు. దాని ముక్కు, దాని జుట్టు, మన ఎండ, మన ఓపిక. ఈ నాలుగూ చూసుకోకుండా ముద్దుగా ఉందని తెచ్చుకుంటే.. కుక్కకూ కష్టమే, ఇంట్లో వాళ్లకూ కష్టమే.

మామిడికి బలం.. కుక్కకు గండం

2022 ఏప్రిల్‌లో జరిగిన విభజనతో కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చిన నూజివీడు పేరు చెప్పగానే గుర్తొచ్చేది చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇక్కడ కాయ సీజన్. సరిగ్గా అప్పుడే ఎండ కూడా ముదురుతుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటడం మామూలే. దానికి తోడు ఉక్కపోత. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే ప్రాంతం ఇది.

మనిషికి ఒళ్లంతా చెమట పడుతుంది, ఆరితే చల్లబడుతుంది. కుక్కకు ఆ సౌకర్యం లేదు. చెమట గ్రంథులు దానికి ప్రధానంగా పాదాల్లోనే ఉంటాయి. ఒంట్లో వేడిని అది నాలుక బయటపెట్టి రొప్పడం ద్వారానే బయటికి పంపాలి. కుక్క మామూలు ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. అది 105 దాటితే ప్రమాదం మొదలైనట్టే. ఉక్కపోతలో తేమ ఎక్కువ కాబట్టి రొప్పినా వేడి త్వరగా తగ్గదు.

అంటే ఇక్కడ కుక్కను ఎంచుకునేటప్పుడు మొదట చూడాల్సింది.. అది బాగా ఊపిరి తీసుకోగలదా లేదా అన్నది. కానీ మార్కెట్‌లో 'పని తక్కువ' అని చెప్పి ఎక్కువగా అంటగట్టేది సరిగ్గా అది చేయలేని జాతులనే.

పగ్: 'హచ్ కుక్క' వెనుక అసలు సంగతి

2003లో వచ్చిన హచ్ ప్రకటన గుర్తుందా? పిల్లాడు ఎక్కడికెళ్తే అక్కడికి వెంట నడిచే ఆ కుక్క పగ్. ఆ ప్రకటన తర్వాత దేశమంతా దానికి గిరాకీ పెరిగింది. ఇప్పటికీ మన ఊళ్లలో దాన్ని 'హచ్ కుక్క' అనే పిలుస్తారు.

పగ్ మంచి స్వభావం ఉన్న కుక్క. మొరగడం తక్కువ, పిల్లలతో, పెద్దలతో కలిసిపోతుంది. జుట్టు పొట్టిదే కానీ బాగా రాలుతుంది. అసలు ఇబ్బంది ముఖం దగ్గర. చప్పిడి ముక్కు, ఇరుకు నాసికా రంధ్రాలు, లోపల గాలి వెళ్లే దారి కూడా ఇరుకే. అందుకే నిద్రలో గురక పెడుతుంది. ఆ గురకను చూసి ముద్దొస్తోందని వీడియో తీస్తాం కానీ.. చాలాసార్లు అది ఊపిరి కోసం పడే పాట్లే.

బ్రిటన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీ 2022లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం మిగతా కుక్కలతో పోలిస్తే పగ్‌లకు ఏదో ఒక జబ్బు వచ్చే అవకాశం దాదాపు రెట్టింపు. అదీ ఇంగ్లండ్ లాంటి చల్లని దేశంలో. నూజివీడు మే నెలలో పరిస్థితి వేరే చెప్పక్కర్లేదు. ముఖం మీది మడతలను రోజూ తుడవాలి, బయటికి పొడుచుకొచ్చినట్టుండే కళ్లకు దెబ్బ తగలకుండా చూడాలి, బరువు పెరగనివ్వకూడదు, వేసవిలో పగలంతా ఏసీ గదిలోనో కూలర్ ముందో ఉంచాలి. కరెంటు పోతే? ఆ ప్రశ్నకు జవాబు ఉన్నవాళ్లే పగ్ గురించి ఆలోచించాలి. ఫ్రెంచ్ బుల్‌డాగ్‌కూ ఇదే వర్తిస్తుంది.

షిట్జు, లాసా ఆప్సో: అందమంతా దువ్వెనలోనే

బొమ్మలా కనిపించే షిట్జు, లాసా ఆప్సోలకు టిబెట్ మూలాలున్నాయి. చలి ప్రాంతపు కుక్కలు. వీటి జుట్టు పెద్దగా రాలదు కాబట్టి ఇల్లు శుభ్రంగా ఉంటుందని అమ్మేవాళ్లు చెబుతారు. అది నిజమే. చెప్పనిది ఇంకొకటుంది. రాలని జుట్టు పెరుగుతూనే ఉంటుంది. రోజూ దువ్వాలి. నాలుగు రోజులు మానేస్తే చెవుల వెనక, చంకల్లో ఉండలు కడుతుంది. ఉండ కింద చర్మం తడిగా ఉండిపోయి పుండవుతుంది. నెలా నెలన్నరకు ఒకసారి కత్తిరించాలి. దగ్గర్లో కత్తిరించేవాళ్లు లేకపోతే విజయవాడ దాకా తిప్పాల్సిందే.

తోటలో ఒక్కసారి తిరిగి వస్తే చాలు.. పల్లేరు కాయలు, ఎండుటాకులు, మట్టి అన్నీ ఆ జుట్టులోనే. వాటితో పాటు పిడుదులు కూడా. కొందరు గోమార్లు అంటారు. పొడుగు జుట్టులో అవి దాక్కుంటే కంటికి కనిపించవు. షిట్జు ముక్కు కూడా చప్పిడిదే కాబట్టి ఎండ ఇబ్బంది దీనికీ ఉంది. వేళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు రోజూ దువ్వడం అంటే తేలికైన పని కాదు.

పమేరియన్: మనకు తెలిసిన పాత చుట్టం

80లు, 90లలో మధ్యతరగతి ఇళ్లలో కుక్క అంటే తెల్లటి 'పమేరియనే'. నిజానికి వాటిలో చాలావరకు ఇండియన్ స్పిట్జ్. 1994లో వచ్చిన 'హమ్ ఆప్కే హై కౌన్' సినిమాలో టఫీగా కనిపించింది ఆ జాతి కుక్కే. చూడ్డానికి పమేరియన్‌లాగే ఉన్నా కాస్త పెద్దది. తరాలుగా ఇక్కడే పెరగడం వల్ల మన వాతావరణానికి బాగా అలవాటు పడింది.

మూతి కోసుగా ఉంటుంది కాబట్టి ఊపిరి ఇబ్బంది తక్కువ. తెలివైనది, త్వరగా నేర్చుకుంటుంది. అయితే వారానికి రెండు మూడుసార్లు దువ్వాలి. జుట్టు రాలుతుంది. గేటు దగ్గర ఆకు కదిలినా మొరుగుతుంది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు ఆ అరుపే ధైర్యం అనుకుంటే సరే.. పక్కింటివాళ్లతో గోడ కలిసి ఉంటే మాత్రం ఆలోచించుకోవాలి. ఎండాకాలం కదా అని గుండు కొట్టించొద్దు. ఆ రెండు పొరల జుట్టు ఎండ నేరుగా చర్మానికి తగలకుండా అడ్డుకుంటుంది. పూర్తిగా తీసేస్తే మళ్లీ సరిగ్గా రాకపోవచ్చు కూడా.

పొట్టి జుట్టు, పొడుగు మూతి: అసలైన తేలిక ఇక్కడే

డాషండ్: పొడుగు ఒళ్లు, పొట్టి కాళ్లు. జర్మనీలో బొరియల్లో ఉండే జంతువులను వేటాడటానికి పెంచిన జాతి. పొట్టి జుట్టు రకమైతే వారానికోసారి తడిగుడ్డతో తుడిస్తే చాలు. మూతి పొడుగు కాబట్టి ఊపిరికి ఇబ్బంది లేదు. ఉదయం, సాయంత్రం చెరో ఇరవై నిమిషాల నడక చాలు. బలహీనత అంతా వెన్నుపూసలోనే ఉంది. మంచం మీది నుంచి దూకడం, మెట్లెక్కడం, లావెక్కడం.. ఈ మూడూ దీనికి పడవు. డిస్కు జారితే వెనక కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. డాబా ఇంట్లో పైన కాపురం ఉండేవాళ్లకు ఇది సరిపడదు. నేల మీద ఉండే పెంకుటిల్లు, కింది వాటా అయితే చక్కగా సరిపోతుంది. మొండితనం కొంచెం ఉంటుంది, తవ్వే అలవాటూ ఉంటుంది. పెరట్లో పూల మొక్కలు జాగ్రత్త.

మినియేచర్ పిన్‌షర్: చిన్న డోబర్‌మాన్‌లా కనిపిస్తుంది కానీ అది వేరే జాతి. ఎలుకలను పట్టడానికి పెంచారు. జుట్టు అతుక్కున్నట్టు ఉంటుంది, దువ్వే పనే లేదు. కానీ ఒక్కచోట కూర్చోదు. గేటు సందుల్లోంచి దూరిపోతుంది. ప్రహరీ గట్టిగా ఉండి, ఇంట్లో చురుగ్గా తిరిగే మనిషి ఉంటేనే ఇది.

చివావా: మెక్సికోకు చెందిన అతి చిన్న జాతి. వేడిని కొంతవరకు తట్టుకుంటుంది, చలి పడదు. తిండి తక్కువ, నడక తక్కువ. కాకపోతే ఎముకలు సున్నితం. చేతిలోంచి జారినా కాలు విరగొచ్చు. మనవలు సెలవులకొచ్చి గంతులేసే ఇంట్లో దీనికి రక్షణ తక్కువ. 'టీకప్' కుక్క అని ఎవరైనా అమ్మితే నమ్మొద్దు. అదొక జాతి కాదు, వ్యాపారం కోసం పెట్టిన పేరు. మరీ చిన్నగా పుట్టిన పిల్లలకు చక్కెర పడిపోవడం లాంటి ఇబ్బందులు ఎక్కువ.

బీగిల్: చిన్నగా ఉంటుందని చాలామంది తెచ్చుకుంటారు. ఇది వేట కుక్క. రోజూ గంటకు పైగా పరిగెత్తించాలి. లేకపోతే చెప్పులు, దిండ్లు ఏవీ మిగలవు. పెద్దవాళ్లకు తోడుగా మాత్రం వద్దు.

తోటలో ఉన్న సమాధానాన్ని మరిచిపోతున్నామా?

నూజివీడు తోటల్లో కాపు సమయంలో కాపలా గుడిసెల దగ్గర ఉండేది ఏ జాతి? నాటు కుక్కే. దాన్నెవరూ దువ్వరు. దానికి ఏసీ పెట్టరు. చెట్టు నీడన పడుకుని, ఇంత మజ్జిగన్నం తిని, రాత్రంతా కాపలా కాస్తుంది. పొట్టి జుట్టు, పొడుగు మూతి, సన్నటి ఒళ్లు.. ఈ ఎండకు తగ్గట్టుగా తరతరాలుగా తయారైన శరీరం అది.

నిజమే, నాటు కుక్క మరీ చిన్నదేం కాదు. చాలావరకు 12 నుంచి 20 కిలోల మధ్య ఉంటుంది. ఆడకుక్కలు కాస్త చిన్నగా ఉంటాయి. గొలుసు లాగితే ఆపగలిగే బలం ఇంట్లో ఎవరికో ఒకరికి ఉండాలి. కానీ పని తక్కువ, జబ్బులు తక్కువ, డబ్బు ఖర్చు తక్కువ అనే మూడు లెక్కల్లో చూస్తే దీన్ని మించింది దొరకడం కష్టం. 2020 ఆగస్టు 30న 'మన్ కీ బాత్'లో ప్రధాని మోదీ కూడా కుక్కను పెంచుకోవాలనుకుంటే మన దేశవాళీ జాతుల గురించి ఆలోచించమని కోరారు. ఆయన పేర్కొన్న ముధోల్ హౌండ్, రాజపాళయం లాంటివి పెద్ద వేట కుక్కలు. మన వీధి చివర పుట్టిన పిల్లకు అంత పేరు లేదు.. కానీ ఇల్లు దొరికితే అదీ అంతే విశ్వాసంగా ఉంటుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోవాలి. నాటు కుక్కే కదా అని టీకాలు, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ మానేస్తే కుదరదు.

పిల్లనే తేవాలా? పెద్దదైతే తప్పా?

అరవై దాటినవాళ్లకు కుక్కపిల్ల కంటే రెండు మూడేళ్లు నిండిన కుక్క నయం. పిల్లకు రాత్రిళ్లు ఏడుపు, ఇల్లంతా మూత్రం, కనిపించినదల్లా కొరకడం ఉంటాయి. దాని వెంట వంగి లేవడం మోకాళ్ల నొప్పులున్నవాళ్ల వల్ల కాదు. పైగా చిన్న కుక్క కాళ్లకు అడ్డం పడి పెద్దవాళ్లు జారిపడే ప్రమాదం ఉంది. తుంటి ఎముక విరిగితే సంగతేంటో అందరికీ తెలిసిందే. కుక్క మెడకు చిన్న మువ్వ కడితే ఎక్కడుందో వినిపిస్తుంది. పెద్ద కుక్క అయితే స్వభావం ఏంటో ముందే తెలుస్తుంది.

ఇంకో లెక్క కూడా ఉంది. చిన్న జాతులు 12 నుంచి 15 ఏళ్లు బతుకుతాయి. 65 ఏళ్ల వయసులో పిల్లను తెస్తే 80 దాకా చూసుకోవాలి. మధ్యలో ఆస్పత్రిలో చేరాల్సి వస్తే, ఆరు నెలలు పిల్లల దగ్గరికి అమెరికా వెళ్తే కుక్క ఎవరి దగ్గర ఉంటుంది? పేరు చెప్పగలిగే మనిషి ఒకరుండాలి. కొనిచ్చే కొడుకో, కూతురో ఆ బాధ్యత ముందే తీసుకోవాలి. లేకపోతే చివరికి ఆ కుక్క చేరేది రోడ్డు మీదికే. మెత్తటి పరుపు మీద పెరిగిన షిట్జు వీధిలో ఎక్కువ రోజులు బతకదు.

మామిడి ఇంట్లో ఈ జాగ్రత్తలు తప్పనిసరి

టెంకలు: మామిడి ముక్క కొద్దిగా పెడితే ఏమీ కాదు. టెంక మాత్రం ప్రమాదం. చిన్న కుక్క గొంతులో అడ్డం పడొచ్చు, మింగితే పేగులో ఇరుక్కోవచ్చు. అప్పుడు ఆపరేషన్ తప్ప దారి లేదు. సీజన్‌లో టెంకల బుట్టకు మూత ఉండాల్సిందే.

ఆవకాయ రోజులు: వెల్లుల్లి, ఉల్లి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కూడా విషమే. ఒళ్లు చిన్నదైనప్పుడు కొద్దిగా తిన్నా ఎక్కువ హాని.

పురుగుమందులు: పిచికారీ చేసిన రోజు కుక్కను తోటలోకి వదలొద్దు. ఖాళీ డబ్బాలు, కలిపిన డ్రమ్ములు, ఎలుకల మందు అందకుండా చూడాలి.

పిడుదులు: వీటి ద్వారా వచ్చే రక్త జ్వరాలు కుక్క ప్రాణం తీస్తాయి. చెవులు, వేళ్ల సందులు రోజూ చూడాలి. మందు డాక్టర్ చెప్పిందే వాడాలి. పశువులకు కొట్టే మందును కొలత లేకుండా చిన్న కుక్కకు పూస్తే విషమవుతుంది.

బిస్కెట్లు: 5 కిలోల కుక్కకు రోజంతటికీ కావాల్సింది సుమారు 350 నుంచి 400 కేలరీలు. టీ తాగుతూ నాలుగు మారీ బిస్కెట్లు పెడితే దాదాపు వంద కేలరీలు అక్కడే అయిపోయాయి. ప్రేమగా పెట్టేదే దాన్ని లావు చేస్తుంది. ఒట్టి పెరుగన్నంతో కూడా సరిపెట్టొద్దు.. ఉడికించిన గుడ్డు, ఎముకల్లేని కోడిమాంసం లాంటివి ఉండాలి.

పళ్లు: చిన్న నోట్లో అన్ని పళ్లూ ఇరుగ్గా ఉంటాయి కాబట్టి చిన్న జాతులకు చిగుళ్ల జబ్బులు ఎక్కువ. కుక్కల పేస్టుతోనే తోమాలి. మనం వాడేది పనికిరాదు.

వడదెబ్బ తగిలితే ఏం చేయాలి?

విపరీతంగా రొప్పడం, చిక్కటి చొంగ, నాలుక ఎర్రగా లేదా నీలంగా మారడం, తూలడం, వాంతులు.. ఇవి గుర్తులు. వెంటనే నీడలోకి తెచ్చి ఒంటి మీద మామూలు చల్లటి నీళ్లు పోస్తూ ఫ్యాన్ పెట్టాలి. తాగగలిగితే కొద్దికొద్దిగా నీళ్లు తాగించాలి. బలవంతంగా పోయొద్దు. ముందు చల్లబరచడం, ఆ తర్వాత ఆస్పత్రి. తేరుకున్నట్టు కనిపించినా డాక్టర్‌కు చూపించాల్సిందే. బయటికి తీసుకెళ్లే ముందు చేతి వెనక భాగాన్ని సిమెంట్ రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీ చెయ్యి ఓర్చుకోలేకపోతే దాని పాదాలు కూడా ఓర్చుకోలేవు.

కొనే ముందు.. తెచ్చిన తర్వాత

2017లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం కుక్కల పెంపకందారులు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదై ఉండాలి. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఫోటో చూసి ఫోన్‌లో డబ్బు పంపొద్దు. తల్లి కుక్కను, అది ఉండే చోటును స్వయంగా చూడండి. టీకాల పుస్తకం అడగండి. అది లేదంటే అక్కడితో ఆగిపోవడం మంచిది. పార్వో లాంటి జబ్బుతో వచ్చిన పిల్ల వారం కూడా బతక్కపోవచ్చు.

తెచ్చాక పార్వో, డిస్టెంపర్ టీకాలు డాక్టర్ చెప్పిన వరుసలో వేయించాలి. మూడు నెలల వయసులో రేబిస్ టీకా, ఆ తర్వాత ఏటా మరిచిపోకుండా వేయించాలి. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ ఒక బాలుడికి తొలిసారి రేబిస్ టీకా ఇచ్చిన గుర్తుగా జూలై 6ను జూనోసిస్ దినంగా జరుపుతారు. ఆ రోజు మన ప్రభుత్వ పశువైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా ఈ టీకా వేస్తుంటారు. పెద్ద జబ్బు చేస్తే గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది. రాత్రిపూట ఫోన్ ఎత్తే డాక్టర్ నంబరు మాత్రం కుక్క రాకముందే ఫోన్‌లో ఉండాలి.

మరి చివరికి ఏది?

కింది వాటాలో ఉండే పెద్దవాళ్లకైతే పొట్టి జుట్టు డాషండ్. మొరుగుడు ఫర్వాలేదు, దువ్వే ఓపిక ఉందనుకుంటే స్పిట్జ్. గట్టి ప్రహరీ, పెద్ద వాకిలి ఉంటే నాటు ఆడకుక్క. పగ్, షిట్జులను ఎంత ఇష్టపడినా.. ఈ ఎండలో అవి పని తక్కువ కుక్కలు కావు. ఏదీ కుదరదనిపిస్తే తెచ్చుకోకపోవడం కూడా తప్పు కాదు. రోజూ గేటు ముందుకొచ్చే వీధి కుక్కకు ఇంత అన్నం, తొట్టెలో నీళ్లు పెట్టి, టీకా వేయించినా అది తోడే.

నిర్ణయం తీసుకునే ముందు ఒక్క పని చేయండి. మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు, కరెంటు పోయింది. ఆ సమయంలో మీ ఇంట్లో కుక్క పడుకునే చల్లటి చోటు ఎక్కడో చూపించండి. చూపించగలిగితే కుక్కను తెచ్చుకోవచ్చు.